రోడ్డెక్కిన బురదబండి



బండి లాగే గుర్రం వేరు, పందెపు గుర్రం వేరు. మోటారు సైకిళ్ళలో కూడా ఇలాంటి జాతులున్నాయి. గుట్టలూ, ఇసకా, బురదా తొక్కుకుంటూ పోయే జాతి ఒకటి. దాని ముందు చక్రం సాధారణంగా 21 అంగుళాలు, వెనక చక్రం 18 అంగుళాలు ఉంటాయి. టైరు నిండా మన్నును కరిచిపట్టే దిమ్మలుంటాయి. ఈ బండికున్న చక్రాలు తీసేసి, 17 అంగుళాల చక్రాలూ, వెడల్పయిన రోడ్డు టైర్లూ, ముందువైపు పెద్ద బ్రేకు పళ్ళెమూ బిగిస్తే దాన్ని "సూపర్‌మోటో" అంటారు.

ఈ కలగలుపు బండి ఎల్లా పుట్టింది? తారు రోడ్డు మీద పందెం వేసేవాడు గొప్పా, మట్టిలో పందెం వేసేవాడు గొప్పా అన్న ప్రశ్నలోనుంచి పుట్టింది. దీన్ని తేల్చటానికి 1979 లో అమెరికాలోని ఎ.బి.సి. టెలివిజన్ సంస్థ, కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో "సూపర్ బైకర్స్" అనే పందెం పెట్టింది. పందెపు దారి కొంత తారు, కొంత మన్ను. రెండు చోట్లా పనికొచ్చే బండి కావాలి గనక, పోటీదార్లు మట్టిబండ్లకు రోడ్డు టైర్లు తొడిగారు. ఆ పందెం 1985 తరవాత ఆగిపోయింది గాని, ఆట ఐరోపాకు, ముఖ్యంగా ఫ్రాన్సుకు, పాకింది.

ఆ బండి వీధికి కూడా బాగా కుదిరింది. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. స్ప్రింగులు పావు మీటరు పైగా కుంగి లేస్తాయి, అంచేత గుంటలు లెక్కలేదు. చేతికర్ర వెడల్పు గనక ఇట్టే మలుపు తిరుగుతుంది. అయితే దూరప్రయాణానికి ఇది సుఖం కాదు. సీటు సన్నం, పెట్రోలు టాంకు చిన్నది, గాలి తిన్నగా గుండెకు కొడుతుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. వీధిలో నడపటానికి పాత సూపర్‌మోటో మంచిదా, కొత్తది మంచిదా? జపాను దేశపు సుజుకీ కంపెనీ బండ్లు రెంటిని పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. ఒకటి 2005 లో వచ్చి, సుమారు ఇరవై ఏళ్ళు పెద్ద మార్పేమీ లేకుండా నడిచిన డి.ఆర్.జెడ్. 400 ఎస్.ఎమ్. రెండోది దాని స్థానంలో 2025 లో వచ్చిన డి.ఆర్.జెడ్. 4 ఎస్.ఎమ్. రెంటికీ ఇంజను 398 సి.సి., సిలిండరు ఒకటే, గేర్లు అయిదే. సీటు ఎత్తు కూడా రెంటికీ 890 మిల్లీమీటర్లే. మరి తేడా ఎక్కడ?

మొదటి తేడా పెట్రోలు తాగే పద్ధతిలో ఉంది. పాతదానికి కార్బురేటరు ఉంటుంది. దోమలమందు కొట్టే చేతిపంపు చూశారా? గాలి జోరుగా పోయేచోట ఒత్తిడి తగ్గి, కింద ఉన్న మందు తనంత తనే పైకి వచ్చి తుంపరలవుతుంది. కార్బురేటరు పనీ అంతే. దానికి బుద్ధి లేదు, రంధ్రం ఎంత ఉంటే అంత పోస్తుంది. చలిలో మొరాయిస్తే చోకు లాగాలి. ఎత్తయిన కొండ మీద గాలి పలచనయితే పెట్రోలు పాలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. కొత్తదానికి ఇంజెక్టరు ఉంది. గాలి ఎంత, వేడి ఎంత అని కొలిచి, ఒక చిన్న కంప్యూటరు లెక్క చూసి చిమ్మిస్తుంది. అందువల్ల పొగలో విషం తగ్గుతుంది. మన దేశంలో కూడా 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు బాగా అరుదయిపోయింది.

రెండో తేడా బ్రేకులో ఉంది. ఇది ప్రాణంతో ముడిపడినది గనక శ్రద్ధగా చదవండి. ఇంట్లో బరువైన ట్రంకుపెట్టె నెట్టి చూడండి. కదిలించటానికి చాలా బలం కావాలి, కదిలాక సులువుగా జారుతుంది. టైరూ అంతే. దొర్లుతున్నంతసేపూ రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. బ్రేకు బిగిసి చక్రం ఆగి జారటం మొదలుపెడితే పట్టు సడలుతుంది. ముందు చక్రం జారితే బండి నిలవదు, మనిషి పడతాడు. పాత బండిలో ఆ పట్టు తెలుసుకోవలసింది మీ వేళ్ళే. కొత్త బండికి ఎ.బి.ఎస్. అనే కాపలాదారున్నాడు. చక్రం ఆగబోతున్నదని పసిగట్టి, సెకనుకు ఎన్నోసార్లు బ్రేకు వదిలి మళ్ళీ పడతాడు. ఇంజను జోరుకు వెనక చక్రం వృథాగా తిరిగితే ఆ జోరు తగ్గించే ఏర్పాటు కూడా ఉంది.

ఈ లాభాలు ఊరికే రాలేదు. పాతది 146 కిలోలు, కొత్తది 154. పాత టాంకులో 10 లీటర్లు పడితే, కొత్తదానిలో 8.7 లీటర్లే. ఇంకో మాట. పాతదానిలో జెట్టు మూసుకుపోతే స్పానరూ, ఓపికా ఉన్నవాడు ఇంట్లోనే విప్పి శుభ్రం చేసుకోవచ్చు. కొత్తదానిలో కంప్యూటరుకు జబ్బు చేస్తే, దాని భాష చదివే పరికరం ఉన్నచోటికి పోవాలి. యంత్రం ఎల్లా పనిచేస్తుందో నేర్చుకోవటానికి పాతది మంచి పంతులు.

మరి నా తీర్పు ఏమిటి? ఖాళీ మైదానంలో నేర్చుకోవటానికీ, విప్పి చూడటానికీ పాతది. బస్సులూ, ఆవులూ, వాన నీళ్ళూ ఉన్న వీధికి కొత్తది. వీధిలో తప్పు మనదే కానక్కర్లేదు, ఎదటివాడిది కావచ్చు. ఆ క్షణంలో ఎంతటి నేర్పరి చెయ్యి అయినా బిగుసుకుంటుంది. అందుకే మన ప్రభుత్వం 125 సి.సి. దాటిన మోటారు సైకిళ్ళకు, కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ నుంచీ, తక్కినవాటికి 2019 ఏప్రిల్ నుంచీ ఎ.బి.ఎస్. తప్పనిసరి చేసింది.

అయితే కాపలాదారున్నాడని దొంగను పిలవకూడదు. ఎ.బి.ఎస్. లెక్కను మార్చలేదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, బ్రేకు పట్టాక బండి సుమారు 5 మీటర్లలో ఆగుతుందనుకోండి. 60 లో 10 మీటర్లు చాలవు, 20 కావాలి. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలవుతుంది. ఇది కాక, అపాయం చూసి బ్రేకు పట్టేలోపల ఒక్క సెకను గడిస్తే, 60 వేగంలో 16 మీటర్లు పైగా ముందే పోతాం. అరిగిన టైరునూ, హెల్మెట్ లేని తలనూ ఏ కంప్యూటరూ కాపాడదు. గేర్ల బండికి లైసెన్సు 18 ఏళ్ళు నిండితేనే ఇస్తారు. అంతదాకా లెక్క నేర్చుకోండి, అది ఎక్కడికీ పోదు.

ఈ నెల ప్రశ్న: అదే బండి 90 కిలోమీటర్ల వేగంలో ఉంటే, బ్రేకు పట్టాక ఎన్ని మీటర్లలో ఆగుతుంది? ఆ దూరం మీ బడి ఆవరణలో అడుగులతో కొలిచి చూడండి. ఇంట్లో బండి నడిపే పెద్దవాళ్ళను కూడా వెంటపెట్టుకుని నడవండి. జవాబు వచ్చే నెల.