పాత కారు: మైలేజీకి ముందు అడుగుభాగం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో తక్కువ ధరకు పాత కారు కొనేవారు మైలేజీ కంటే ముందు దాని అడుగుభాగం చూడాలి. సముద్రపు ఉప్పుగాలికి ఛాసిస్, సైలెన్సర్, తలుపుల అంచులు త్వరగా తుప్పు పడతాయి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగాయి. అలాంటి కారును కడిగి అమ్మడం కొనేవారి కష్టార్జితాన్ని దోచడమే. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద మరక, కార్పెట్ ఎత్తితే ముక్కవాసన బయటపడతాయి. బీమా క్లెయిముల వివరాలూ అడగాలి.

ఆల్టో 800, వ్యాగన్ ఆర్ వంటి చిన్న పెట్రోలు కార్లకు లీటరుకు 20 కిలోమీటర్లు దాటుతుందని కంపెనీ లెక్క. కాలవగట్టు రోడ్లపై అంత ఆశించరాదు. ట్యాంకు నింపి, నడిపి, మళ్లీ నింపితే అసలు లెక్క తేలుతుంది. పేరు మార్పుకు ఫారం 29, 30, ఫైనాన్సు తీరిన కారుకైతే ఫారం 35 చేతికందాకే పూర్తి సొమ్ము ఇవ్వాలి.