విశ్రాంతి వేళ: ఎర ఎంచుకునే ముందు మేత సంగతి అడగండి

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చేపల వేట ప్రస్తావన లేని మాసం అరుదు. ఈ పర్యాయం కోని నుండి ఒక పాఠక మహాశయులు వ్రాసిన లేఖ మాకు ప్రత్యేకంగా తోచింది. విదేశంలో ఉద్యోగం చేస్తున్న వారి కుమారుడు సెలవులకు వస్తూ ట్రౌట్ చేపలకు వాడే ఎరల పెట్టె ఒకటి కానుకగా తెచ్చాడట. తళతళలాడే లోహపు రేకులు, గిరగిర తిరిగే స్పిన్నర్లు, ఈకలతో కట్టిన కృత్రిమ ఈగలు, వీటితోపాటు ఒక సీసాలో రంగురంగుల పిండిముద్ద. వీటిని మన చెరువులలో ఏ విధంగా వినియోగించవచ్చునో తెలుపవలసిందిగా వారి కోరిక.

ట్రౌట్ చల్లని నీటి చేప. మన దేశంలో నీలగిరులు, కాశ్మీరు, హిమాచల్ వంటి చోట్ల తప్ప దానికి మనుగడ లేదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే బిలాస్‌పూర్ ప్రాంతపు చెరువులో అది ఒక్క దినం కూడా బ్రతకజాలదు. అయినను ఆ పెట్టెను అటక మీదికి ఎక్కించనవసరం లేదు. అందులోని పిండిముద్ద మనకు ఒక మంచి సంగతి చెబుతున్నది.

కొండవాగులో పుట్టి పెరిగిన ట్రౌట్ పురుగులను, చిన్న చేపలను వేటాడి తింటుంది. చిన్న చెరువులలో వదిలే ట్రౌట్ సంగతి వేరు. అది కేంద్రంలో పొదిగిన పిల్ల. తొట్టెలో గుళికల మేత తిని పెరిగినది. చెరువులో వదిలిన తరువాత కొన్ని దినాల వరకు దానికి ఆహారమంటే ఆ గుళికే. అందువలననే అమెరికా దేశంలో పవర్‌బెయిట్ వంటి ఘాటైన వాసన గల పిండిముద్దలకు అంతటి ప్రాచుర్యం. అవి నీటిలో తేలే విధంగా తయారవుతాయి గనుక గాలం అడుగున ఉన్న నాచులో కూరుకుపోకుండా పైకి లేచి నిలుస్తుంది. చేప చెరువుకు అలవాటుపడి పురుగులను వేటాడడం నేర్చిన పిమ్మట పిండి కంటె వానపాము, స్పిన్నరు మెరుగుగా పనిచేస్తాయి. కనుక అక్కడి అనుభవజ్ఞులు ముందుగా అడిగే ప్రశ్న ఎర గురించి కాదు. చేపలను ఎన్నడు వదిలారు, అంతకుముందు ఏమి మేపారు అని.

మన చెరువులకు సైతం ఇదే ప్రశ్న వర్తిస్తుంది. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ 1887లో మన దేశపు చెరువులలో గాలపు వేటను గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే ప్రకటించారు. ఆ కాలంలో చెరువులో వదిలే పిల్లలను నదుల నుండి ఏరి తెచ్చేవారు. 1957 జులై 10వ తేదీన హీరాలాల్ చౌధురి, అలీకున్హి గార్లు ఒడిశాలోని అంగుల్‌లో పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి కార్పు జాతి చేపలచేత గుడ్లు పెట్టించడంలో కృతకృత్యులైనారు. నాటి నుండి చెరువు చేప కూడా క్రమక్రమంగా మనిషి పెంచిన చేప అయినది. మనిషి పెట్టినదే దాని రుచి.

మన సహోద్యోగులలో కైకలూరు, ఆకివీడు ప్రాంతాల నుండి వచ్చినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడి చెరువులలో వరుసగా గడలు పాతి, వాటికి చిల్లులు పొడిచిన మేత బస్తాలు కడతారు. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క ఆ చిల్లులలో నుండి కొద్దికొద్దిగా జారుతుంటే చేపలు బస్తాను పొడిచి పొడిచి తింటాయి. అటువంటి చెరువులో వానపాము గుచ్చి పగలంతా కూర్చున్నవాడు వట్టి చేతులతో ఇల్లు చేరినా ఆశ్చర్యం లేదు. చిటికెడు తవుడు కలిపిన ముద్ద పెట్టినవాడికి బెండు ఊరకుండదు.

కోని పరిసర గ్రామాల చెరువులను ఇక్కడివారు తరియా అంటారు. గాలం వారి భాషలో గరీ. రతన్‌పూర్ వైపు పోయే దారి పొడవునా ఇటువంటివి అనేకం. వీటన్నింటిలో మేత ఒకే రీతిగా ఉండదు. కొన్నింట తవుడు వేస్తారు, కొన్నింట పేడ ఎరువు మాత్రమే వేసి చేపను నీటిలోని సహజాహారానికి వదిలివేస్తారు. ఈ రెండవ రకం చెరువులో వానపాముకు, చీమ గుడ్లకు గిరాకీ హెచ్చు. కావున చెరువును పట్టాకు తీసుకున్నవారిని పలకరించి, మేత ఏమిటో, ఎన్ని గంటలకు వేస్తారో, ఏ మూల వేస్తారో తెలుసుకోవడం మొదటి పని. వారి అనుమతి ఎలాగూ అవసరమే. పంచాయతీ చెరువైనంత మాత్రాన అందులోని చేప అందరిదీ కాదు. పిల్లలను కొని వదిలినవారి పెట్టుబడి అది. పట్టిన చేపను తూకం వేసి వెల చెల్లించడమే మర్యాద.

తరువాతది లోతు. బొచ్చె, రోహు, మోసు చేపలను కలిపి పెంచడంలోని కిటుకు అవి నీటిని అంతస్తులుగా పంచుకోవడమే. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది పై నీటిలో సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. దానికి గట్టి ముద్ద నిరుపయోగం. తవుడు, వేయించిన శనగపిండి కలిపి, నీటిలో పడగానే మబ్బువలె విచ్చుకునే వదులు ముద్దలో గాలం దాచి, బెండుకు ఒకటి రెండు అడుగుల దిగువన వ్రేలాడదీయాలి. రోహు మధ్య నీటి చేప. దాని పెదవులు కుచ్చులు కుచ్చులుగా ఉండి కొరుకుటకు గాక గిల్లుటకు అనువైనవి. గోధుమపిండి ముద్ద శనగగింజంత చాలు. బెండు వణికినంత మాత్రాన కర్ర ఎత్తరాదు. ప్రక్కకు నడవడం మొదలుపెట్టినప్పుడు ఎత్తాలి. మోసు, బంగారు తీగ అడుగున తిరిగేవి. వాటికి ఎర నేలను తాకవలసిందే. బంగారు తీగ ఉడికించిన మొక్కజొన్న గింజను, వానపామును సమానంగా ఆదరిస్తుంది. గడ్డి చేపకు లేత గడ్డిపరకనే గాలానికి చుట్టవచ్చు. వెండి చేప కంటికి కనపడని నాచును వడగట్టి బ్రతికేది. దానికోసం ఎర వెదకడం వృథా శ్రమ అని మా అభిప్రాయం.

ముద్ద తయారీలో నీరు తక్కువగా, పిసుకుట ఎక్కువగా ఉండాలి. రోహుకు వాడే పిండిలో ఒకటి రెండు పోగుల దూది కలిపి పిసికితే గాలాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఇంగువ, వేయించిన మెంతుల పొడి కలిపేవారు ఉన్నారు. రహస్యపు పొట్లాలు అమ్మేవారూ ఉన్నారు. వాసన కొంత తోడ్పడుతుందనడంలో సందేహం లేదు గాని, తప్పు లోతులో వేసిన సుగంధం కంటె సరైన లోతులో వేసిన వట్టి పిండి మేలు. వంటింటి శనగపిండి డబ్బా మూత తీసేముందు గృహలక్ష్మి అనుమతి పొందవలసిందిగా సోదరులకు మనవి.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో తెలుగువారికి బెంగాలీ పొరుగు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఇరువురూ ఒకే వీధిలో ఉన్నవారే. చెట్ల ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల గుడ్లను ఎరగా వాడడంలో బెంగాలీ సోదరులు సిద్ధహస్తులు. రోహు వాటిని వదలదు. అయితే గుడ్లు సున్నితమైనవి. పిండితో కలిపి పెడితేనే నిలుస్తాయి. గూడు దింపడం అలవాటు లేనివారు ఆ పనికి పూనుకోకుండుట క్షేమం.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ప్రాంతంలో ఇప్ప చెట్లు విస్తారం, ఇప్ప గింజల చెక్క చౌక. చూపునకు వేరుశనగ చెక్కవలె ఉంటుందని దానిని ముద్దలో కలపరాదు. అందులోని సాపొనిన్ చేపకు విషం. పిల్లలను వదలడానికి ముందు చెరువులోని పనికిరాని చేపలను చంపుటకు రైతులు వాడేది ఆ చెక్కనే. గాలానికి పెట్టిన ముద్ద వలన చెరువు చెడకపోవచ్చు గాని, మిగిలినదంతా నీటిలో విసిరి పోయే అలవాటు మనలో చాలామందికి కలదు.

ఆ అలవాటు మంచి పిండి విషయంలో కూడా హానికరమే. చేపలను దగ్గరకు రప్పించే నెపంతో కిలోల కొద్దీ తవుడు, చెక్క గుమ్మరించేవారిని చూస్తున్నాము. తినగా మిగిలినది కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. రాత్రంతా నాచు కూడా శ్వాసిస్తుంది గనుక తెల్లవారుజామున కొరత అత్యధికం. మే నెల వేకువన చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే అవి ఆకలిగొన్నవని భ్రమించి ఎర విసరకండి. ఊపిరి అందక అల్లాడుతున్నవి అవి. గాలం చుట్టిపెట్టి పరుగున పోయి చెరువుగలవారికి కబురు చెప్పాలి. కొత్త నీరు పెట్టించుకుంటే చేప దక్కుతుంది, ఆలస్యమైతే ఏడాది కష్టం ఒక్క ఉదయంలో వెల్లకిలా తేలుతుంది. చిన్న చెరువుకు రెండు పిడికిళ్ళ పిండి చాలు. డిసెంబరు, జనవరి మాసాలలో అదీ అక్కరలేదు; చలికి చేప మందగించి తక్కువ తింటుంది. ఎర చిన్నది చేసి, ఎండ బాగా ఎక్కిన తరువాత వెళ్ళడం ఉత్తమం.

ఇక పెట్టెలోని స్పిన్నర్లు. కార్పు జాతి వాటిని సాధారణంగా పట్టించుకోదు. కొర్రమీను అట్లు కాదు. అది వేటాడే చేప, చెరువులో వదిలిన పిల్లలను మింగే దొంగ. దానిని పట్టినందుకు చెరువుగలవారు సంతోషించినా సంతోషిస్తారు. గట్టు దగ్గరి కలుపు వెంట స్పిన్నరును మెల్లగా లాగి చూడవచ్చు. దట్టమైన తూటికాడల నడుమ రబ్బరు కప్ప మేలు, కలుపులో చిక్కదు. బ్రతికిన కప్పను గుచ్చే పాత పద్ధతిని మేము ప్రోత్సహించము. వానకాలంలో నీటిపై ఎర్రని పిల్లల గుంపు ఉండలా కదులుతుంటే దాని క్రింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఏది కదిలినా పైబడతాయి గనుక వాటిని పట్టడం సులువే, కాని ఆ పిల్లలు అనాథలవుతాయి. అప్పుడు విడిచిపెట్టడమే న్యాయం. ఈకల ఈగలను మాత్రం షోకేసులో అలంకరించుకోవచ్చు.

ఆ కానుకలో కార్బన్ ఫైబరు కర్ర కూడా ఉన్నదని లేఖలో వ్రాశారు. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. రైలు మార్గం ప్రక్కన ఉన్న గుంటలకు ఆ కర్రను నిలువుగా ఎత్తి పట్టుకుని పోరాదు. పై తీగలో ఉన్నది 25,000 వోల్టులు. తాకకపోయినా, దగ్గరగా పోయినా ప్రమాదమే. పొలాల మీది తీగలకూ ఇదే జాగ్రత్త. పిల్లలను వెంట తీసుకుపోయేవారు కర్రను మడిచి సంచిలో పెట్టుకుని, గట్టు చేరిన తరువాతనే విప్పవలెను.

జూన్ 16 నుండి ఆగస్టు 15 వరకు ఛత్తీస్‌గఢ్‌లో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం అమలులో ఉంటుంది. నదులకు, వాటితో కలిసే నీటి వనరులకు ఇది వర్తిస్తుంది. అర్పా నది ఒడ్డున గాలం వేయదలచినవారు గమనించగలరు. నదితో సంబంధం లేని చిన్న చెరువులకు మినహాయింపు కలదు. అయితే వరదకు గండి పడి వాగుతో కలిసిన చెరువు ఏ కోవకు వస్తుందో గట్టు మీద నిలబడి మనమే తీర్పు చెప్పుకోరాదు. మత్స్యశాఖ కార్యాలయంలో విచారించిన పిమ్మటనే పిండి కలపండి.