పాత సెడాన్ కొనండి, కానీ పేరు మార్పించుకుని కొనండి

మా చుట్టాల్లో ఇప్పుడు ఒకే మాట నడుస్తోంది. సెడాన్ల కాలం అయిపోయిందంట, కొంటే ఎత్తుగా ఉండే ఎస్‌యూవీనే కొనాలంట, అదీ కొత్తదే కొనాలంట, ఈఎంఐ ఎట్లోకట్ల కట్టుకోవచ్చంట. పెళ్ళిలో గానీ గృహప్రవేశంలో గానీ నలుగురు మగవాళ్ళు చేరితే ఇదే చర్చ. మేము దీనికి ఒప్పుకోము. మా ఇంట్లో ఉన్నది సెకండ్‌హ్యాండ్ సెడాన్, 2016 మోడల్ మారుతి సియాజ్, పెట్రోలు బండి. 2022లో తీసుకున్నాము. కాటన్‌పేటలో కాపురముండి, ఏడాదికి ఐదారు సార్లు హిందూపురం, పెనుకొండ, అనంతపురం పక్కకు పోయొచ్చే మాలాంటి కుటుంబాలకు ఇంతకన్నా కుదిరే బండి లేదని మా అభిప్రాయం. అయితే దీనికి ఒక షరతు ఉంది. అసలు ఆ షరతు చెప్పడానికే ఇది రాస్తున్నాము.

ముందు బండి సంగతి. మా వీధి చూసినవాళ్ళు, నాలుగున్నర మీటర్ల కారు ఇక్కడ ఎట్ల తిప్పుతారప్పా అని నవ్వుతారు. సియాజ్ పొడవు 4,490 మిల్లీమీటర్లు, నిజమే. కానీ సందులో అడ్డం పడేది పొడవు కాదు, వెడల్పు. దీని వెడల్పు 1,730. అందరూ ఎగబడి కొంటున్న క్రెటా వెడల్పు 1,790. ఒక పక్క లోడు దించుకునే టాటా ఏస్, ఇంకో పక్క అగరబత్తి డబ్బాలు పేర్చిన తోపుడుబండి ఉంటే ఆ ఆరు సెంటీమీటర్ల విలువ ఏందో మా వీధివాళ్ళకే తెలుస్తుంది. ఇంక డిక్కీ చూస్తే 510 లీటర్లు. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం మూట, శెనక్కాయల మూట, ఊరగాయ జాడీలు, నలుగురి బట్టల సంచులు అన్నీ పట్టి, ఇంకా జేజి చేతికర్రకు చోటు మిగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఎత్తు బండి ఎక్కడం సులువు అంటారు. వెనక సీట్లో కాళ్ళు చాపుకొని మూడు గంటలు కూర్చున్న మా జేజిని అడగండి, ఏ బండి సుఖమో ఆమె చెబుతుంది.

ధర సంగతి ఇంకా బాగుంటుంది. జనం సెడాన్లను వదిలేశారు గనక పాత సెడాన్లు చవగ్గా దొరుకుతాయి. 1998లో హోండా సిటీ వచ్చినప్పుడు అది ఇంటి ముందు నిలబడితే గొప్ప. ఇప్పుడు అదే సిటీ, వెర్నా, సియాజ్‌లను ఎవరూ తిరిగి చూడరు. సియాజ్‌నైతే 2025లో కంపెనీయే ఆపేసింది. ఆపేస్తే సామాన్లు దొరకవని భయపెడతారు. జేసీ రోడ్డుకు నడిచి పోయేంత దూరంలో ఉండేవాళ్ళకు ఆ భయం అక్కరలేదు.

ఖర్చు లేదని అనము. కొన్నప్పుడు 61 వేల కిలోమీటర్లు, ఇప్పుడు లక్ష దాటింది. ఈ మధ్యలో నాలుగు టైర్లు, ఒక బ్యాటరీ, ముందు సస్పెన్షన్ బుష్‌లు, క్లచ్ మార్చాము. వయసైన బండికి అవి మామూలే. ఎలుకలు వైరు కొరకడం మాత్రం రెండుసార్లు జరిగింది. బండి పెట్టేది పాత గోడౌను ఆవరణలో, అక్కడ ఎలుకలదే రాజ్యం. మైలేజీ ఊర్లో 11, హైవేలో 18 వచ్చేది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక కొంచెం తగ్గింది. పాత బండ్లకు ఇట్ల ఆరేడు శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే రాశారు. అంటే తెలిసే చేశారు. పాత బండి కొనేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. 'నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోంది' అనే మాట రోజూ వింటాము. బండి అమ్మేవాళ్ళు చెప్పే 'ఒక్క గీత కూడా లేదు సార్' కూడా ఆ జాతిదే. అందుకే బండి చూడను పోయినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. సాయంత్రం మళ్ళీ వస్తామని చెప్పి, చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయండి. సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టి మరకలున్నాయేమో చూడండి. స్టెప్నీ ఎత్తి కింద తుప్పు చూడండి. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, యమలూరు పక్క నీళ్ళల్లో మునిగిన బండ్లు ఎన్నో కడిగి, సెంటు కొట్టి అమ్మకానికొచ్చాయి. ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో లేదో కూడా అడగండి. డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యింది 2019లో, పక్క సీటుకు 2021లో. అంతకుముందు తయారైన తక్కువ రకం బండ్లలో లేకపోవచ్చు. పది వేలు తగ్గుతుందని అట్లాంటిది తీసుకోకండి.

ఇంక షరతు సంగతి. మన వాళ్ళల్లో సగం మంది పాత బండిని బజారులో కొనరు, చుట్టాల దగ్గర తీసుకుంటారు. అనంతపురంలో చిన్నాయన కొత్తది కొంటాడు, పాతది బెంగళూరులో ఉండే మనకు ఇస్తాడు. డబ్బు చేతులు మారుతుంది, తాళాలు మారతాయి, ఆర్సీ మీద పేరు మాత్రం మారదు. ఏపీ నంబరుతోనే ఇక్కడ ఏండ్లకేండ్లు తిరుగుతుంది.

ఎందుకు మార్చరంటే, కర్ణాటక లైఫ్ టాక్స్‌కు భయపడి. ఐదు నుంచి పది లక్షల బండికి 14 శాతం, పైన సెస్సు. పాత బండికి వయసును బట్టి తగ్గుతుంది గానీ అప్పుడు కూడా గుండె గుభేలుమంటుంది. అక్కడ కట్టిన టాక్సులో మిగిలింది వెనక్కి అడగొచ్చు, కానీ దానికోసం ఆ ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది? చట్టం ప్రకారం బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంటే నంబరు మార్చాలి. 2014లో కర్ణాటక దీన్ని టాక్సు కోసం 30 రోజులు చేసింది, 2016లో హైకోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి మన వాళ్ళు కొడికొండ దాటి పోయొచ్చిన టోల్ రసీదులు దాచుకొని, బండి మొన్ననే వచ్చిందని చూపిస్తుంటారు. 2021లో వచ్చిన బీహెచ్ నంబరు ప్రభుత్వోద్యోగులకూ, నాలుగు అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వాళ్ళకూ ఇస్తారు. కాటన్‌పేటలో అంగడి పెట్టుకున్నవాళ్ళకు అది రాదు. తాతల కాలం నుంచి ఇక్కడున్నా, వంద కిలోమీటర్ల దూరంలో ఊరున్నా, రెండు పక్కలా టాక్సు కట్టాల్సింది మనమే. ఈ విషయంలో మన వాళ్ళ కోపం న్యాయమైనదే.

కానీ కోపం ఉంది గదా అని పేరు మార్చకపోతే దెబ్బ తగిలేది ప్రభుత్వానికి కాదు. బండి ఇచ్చిన చుట్టానికి తగులుతుంది. మా పెద్దమ్మ కొడుకు తన కారును తెలిసినవాళ్ళకే, నమ్మకం మీద ఇచ్చినాడు. వాళ్ళు ఇన్సూరెన్సు కట్టకుండా వదిలేశారు. రోడ్డు మీద ఒక మనిషిని గుద్దారు, ఆ మనిషి మళ్ళీ నడవలేని స్థితికి వచ్చినాడు. నష్టపరిహారం కేసులో నోటీసు వచ్చింది మా అన్నకు. బండి అమ్మి రెండేండ్లయిందని చెబితే, ఆర్సీలో మీ పేరే ఉంది గదా అన్నారు. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో ఇదే తేల్చి చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, ఆఫీసు రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, వాళ్ళే బాధ్యులు. మా అన్న ఆ కేసు కోసం రెండెకరాలు బేరం పెట్టినాడు. గాయపడిన మనిషి ఇంట్లోవాళ్ళకు ఇంకా పైసా అందలేదు. అది ఇంకా పెద్ద అన్యాయం.

పేరు మార్పించు చిన్నాయనా అని అడిగితే 'మా మీద నమ్మకం లేదా' అంటారు. మేమూ విన్నాము ఆ మాట. నమ్మకం ఉంది గనకనే అడుగుతున్నామని చెప్పాలి, ఎందుకంటే రేపు చిక్కులో పడేది ఆయనే. అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో తెలపాలి, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో. ఇన్సూరెన్సు మార్చుకోవడానికి 14 రోజులే గడువు. అది దాటితే, ఎదుటివాళ్ళకు జరిగిన నష్టం సంగతి ఎట్లున్నా మీ బండి రిపేరుకు ఇన్సూరెన్సువాళ్ళు చెయ్యి చూపిస్తారు.

అందుకే మేము చుట్టాల బండి కాకుండా ఇక్కడి కేఏ నంబరు బండి, నేరుగా యజమాని దగ్గరే తీసుకున్నాము. చిన్నాయనకు కొంచెం కోపమొచ్చింది, ఉగాదికి తగ్గిపోయింది. కన్నడ మీడియంలో చదివినందుకు ఒక లాభం ఉంది, ఆర్టీఓ ఆఫీసు గోడ మీద అంటించినవన్నీ చదవగలము. దానివల్ల చుట్టాలందరి కాగితాల పని ఇప్పుడు మా మీదే పడుతుంది. పోయిన నెల మామ కొడుకు తన వెర్నాను మా చెల్లెలికి ఇస్తానన్నాడు. మంచి బండి, ధర కూడా న్యాయంగా ఉంది. లోను తీరిందని బ్యాంకు సంతకంతో ఫారం 35, ఎన్ఓసీ కోసం ఫారం 28, పేరు మార్పుకు 29, 30 అన్నీ నింపి వాట్సాప్‌లో పంపించాము. ఎన్ఓసీ చేతికొచ్చిన రోజే డబ్బు ఇస్తామని చెప్పాము. అనంతపురంలో ఎన్ఓసీ కోసం అర్జీ పెట్టినాడంట. కారు ఇంకా అక్కడే, వాళ్ళ వాకిట్లోనే ఉంది.