ఎవరిదో చెప్పే ప్రత్యయం

‘ముజాఫ్, ముజాఫ్ ఇలైహ్’ పాఠం చెప్పేటప్పుడల్లా విద్యార్థుల ముఖాల్లో విసుగు కనిపిస్తుంది. ఈ వ్యాకరణంతో ధర్మానికి పనేమిటని కొందరు అడుగుతారు కూడా. అప్పుడు మేము అబూ హయ్యాన్ (రహిమహుల్లాహ్) ప్రస్తావన తెస్తాము. ‘అల్ బహ్రుల్ ముహీత్’ అనే ఖుర్ఆన్ వ్యాఖ్యానం రచించిన ఆ గ్రనడా పండితుడే 1312లో కైరోలో తురుష్కుల భాషకు అరబీలో ఒక వ్యాకరణం పూర్తి చేశారు. అది ఆయన పుట్టిన నేల భాష కాదు, దివ్యావతరణ భాష అంతకన్నా కాదు.

నేటి టర్కీ భాషనే చూద్దాం. ‘ఎవ్’ అంటే ఇల్లు. ‘ఎవె’ ఇంటికి, ‘ఎవ్‌దె’ ఇంట్లో, ‘ఎవ్‌దెన్’ ఇంటి నుండి. విభక్తి మన తెలుగులో వలెనే చివర చేరుతుంది. ఎవరి ఇల్లన్నది మాత్రం మనం ముందు చెబుతాం, వారు వెనుక చెబుతారు: ‘ఎవిమ్’ నా ఇల్లు, ‘ఎవిమిజ్’ మా ఇల్లు. ఆ తరువాతే విభక్తి: ‘ఎవిమిజ్‌దెన్’, మా ఇంటి నుండి. ఈ వరుస తారుమారు కాదు.

ప్రవక్త (స) గృహాన్ని అరబీలో ‘బైతున్నబీ’ అంటాం. షష్ఠి గుర్తు ‘నబీ’ పదానికే పడుతుంది. టర్కీలో ‘పెయ్‌గంబెరిన్ ఎవి’. ఇక్కడ ప్రవక్త పదానికీ ప్రత్యయం ఉంది, ఇంటికీ ఉంది. దస్తావేజు మీద ఇరుపక్షాలూ సంతకం చేసినట్లు!

అంత జాగ్రత్త గల భాషలోనూ ఒక చిక్కుంది. ‘ఎవిన్’ అంటే నీ ఇల్లు. ద్వితీయా విభక్తి ‘ఇ’ చేరితే ‘ఎవిని’. ‘ఎవి’ అంటే అతని ఇల్లు. దానికి ద్వితీయ చేరేటప్పుడు నడుమ ఒక నకారం వస్తుంది, అదీ ‘ఎవిని’యే. ఇంటిని అమ్మానని ఒకడు ఇలా చెబితే, అమ్ముడైనది నీ ఇల్లా, పరాయివాడి ఇల్లా? సందర్భం తేల్చకపోతే ‘సెనిన్’ (నీ) అనో ‘ఒనున్’ (అతని) అనో ముందు చేర్చి చెప్పవలసిందే. అమానతు, వారసత్వపు మాటల్లో ఇది చిన్న విషయం కాదు.

‘రబ్బనా’ను వారు ‘రబ్బిమిజ్’ అంటారు. ఆ ‘ఇమిజ్’లో ‘మా’, ‘మన’ అనే తేడా లేదు, అరబీ ‘నా’లోనూ లేదు. తెలుగులో ఉంది. దుఆలో అల్లాహ్‌నే సంబోధిస్తున్నాం గనుక ‘మా ప్రభూ’ అనాలి. ‘మన’ అంటే వినేవానినీ అందులో కలిపినట్లే. ఆయనకు మరో ప్రభువున్నట్లు ధ్వనిస్తుంది, మఆజల్లాహ్. మొన్న ఒక పిల్లవాడి అనువాదంలో ‘మన ప్రభూ’ అని కనిపించింది. ఒక్క అక్షరం దిద్ది, కారణం వివరించడానికి మాకు అరగంట పట్టింది.