బావినీటిలో కానరాని లవణము

క్రిందటి మాసమున ధాన్యమును పురుగుపట్టకుండ నిలువయుంచు విధమును ముచ్చటించుకొంటిమి. ఆ ధాన్యమును పండించుటకై మనవారు పొలమున చల్లు యూరియా ఎచ్చటికి పోవునో, మన కడవలోనికి ఎట్లు వచ్చునో ఈ మాసమున తెలిసికొందము. ఇది పురుషుల విషయమని త్రోసిపుచ్చరాదు. బిడ్డలకు నీరు త్రాగించువారము మనమే గదా!

మా మెదకు ప్రాంతమునకు మెతుకుసీమ యని పేరు. 1905లో మంజీరపై ఘనపురము ఆనకట్ట కట్టిన పిమ్మట మహబూబు నహరు, ఫతే నహరు అను కాలువల క్రింద వరి పండుచున్నది. కాలువ యెక్కని చెలకలకు బోరుబావులే దిక్కు. రెండుచోట్లను యూరియా లేక సేద్యము సాగుట లేదు.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. అనగా 45 కిలోల బస్తాలో ఇంచుమించు 20 కిలోల నత్రజని యున్నది. వరిపైరు అందులో సగమునైన గ్రహించుట అరుదు. మిగిలినదానిలో కొంత గాలిలో కలియును. కొంత నేలలోనికి దిగును. యూరియా మొదట అమోనియా రూపమును పొందును. దీనిని బంకమన్ను పట్టి యుంచును. పిమ్మట నేలలోని సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటును మన్ను పట్టజాలదు. నీరు పోవు త్రోవనే అదియు పోవును.

దీనిని ఇంటనే పోల్చి చూడవచ్చును. అడుగున చిల్లి గల కుండలో మన్ను నింపి పసుపునీరు పోయుడు. పసుపు చాలవరకు మన్నులోనే చిక్కును. మరల ఉప్పునీరు పోయుడు. క్రిందికి దిగిన నీరును ఉప్పగనే యుండును. అమోనియా పసుపువంటిది, నైట్రేటు ఉప్పువంటిది.

నీరు నిలిచిన వరిమడిలో గాలి చొరదు గనుక నైట్రేటు అంతగా పుట్టదు. మడి ఎండి మరల తడిసినప్పుడు పుట్టి క్రిందికి దిగును. మొక్కజొన్న, కూరగాయల చేలలో, ఎరువు చల్లిన మరునాడే పెద్దవాన కురిసినచో, ఈ నష్టము మరింత యధికము. మా సీమలో మన్నుపొర క్రింద నల్లరాయి. ఆ రాతి నెఱ్ఱెలగుండ నీరు బోరుబావిని చేరును. ఆ నెఱ్ఱెలలో నైట్రేటును ఆపునది యేదియు లేదు.

నేరమంతయు యూరియాదే యనరాదు. పూర్వము సూరేకారమును పశువుల మూత్రమింకిన ఊరిమట్టినుండియే తీసెడివారు. అదియు నైట్రేటు జాతిదే. కావున బావిచెంత పెంటకుప్పయు, మరుగుదొడ్డి గుంటయు ఉన్నచో అవియు ఈ లవణమునే పంపును.

మన దేశమున త్రాగునీటికి లీటరునకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు మితి. కేంద్ర భూగర్భజల మండలివారు 2024లో ప్రకటించిన నివేదికను బట్టి దేశమున ప్రతి ఐదు నమూనాలలో ఇంచుమించు ఒకటియు, తెలంగాణమున నాలుగింట ఒకటికి పైగాను ఈ మితిని దాటినవి.

ఆరు మాసములు నిండని పసికందులకు ఇది మిక్కిలి హానికరము. నైట్రేటు వారి కడుపులో నైట్రైటుగా మారి, రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని చెరుచును. పెదవులు, గోళ్లు నీలివన్నె దాల్చును. 1945లో అమెరికాయందలి అయోవా రాష్ట్రమున కోమ్లీ అను వైద్యుడు, బావినీటితో కలిపిన పాలు త్రాగిన శిశువులలో ఈ నీలిరోగమును గుర్తించి ప్రకటించెను.

మా వీధిలో ఒక అవ్వ మనుమనికి డబ్బాపాలు కలుపుటకై బోరునీటిని రెండుమారులు మరగించుచుండెను. "మరిగిన నీళ్లల్ల దోషమేముంటది బిడ్డా?" యని ఆమె యడిగినది. "అవ్వా, చారు మరిగినకొద్ది ఉప్పన యగునా, చప్పన యగునా?" యంటిని. ఆమె వెంటనే గ్రహించినది. కాచుటచే క్రిములు చచ్చును. నైట్రేటు మాత్రము చిక్కబడును. పటికయు, వడకట్టు గుడ్డయు, క్లోరినును దీనిని తీయజాలవు. ఆర్.ఓ. యంత్రము చాలవరకు తీయును.

కావున తల్లులు చేయదగినది వినుడు. ఆరు మాసములవరకు చనుబాలే యిండు. వేరు నీరు అక్కరలేదు. డబ్బాపాలు తప్పనిచో బోరునీటితో కలుపక, శుద్ధిచేసి గొట్టములద్వారా ఇంటికి వచ్చు నీటిని కాచి చల్లార్చి వాడుడు. 2016 ఆగస్టు 7న, నాడు మెదకు జిల్లాలోనిదైన గజ్వేలు చెంత కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ నీరు నదులనుండియు జలాశయములనుండియు వచ్చునది. శిశువు నీలివన్నె దాల్చినచో గృహవైద్యము చేయుచు కూర్చుండక తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. బావినీటిని ఏటేట పరీక్షింపించుడు. కంటికిని నాలుకకును ఈ దోషము తెలియదు.

సేద్యము చేయు ఇంటివారికి ఒక లెక్క చెప్పుడు. 45 మిల్లీగ్రాముల నైట్రేటు గల బోరునీటిని ఎకరమునకు ఒక్క అంగుళము పారించినచో ఆ నీటితోనే సుమారొక కిలో నత్రజని పొలమున పడును. అంతమేరకు యూరియా తగ్గించవచ్చును. మిగిలినదానిని ఒక్కమారుగా గాక రెండు మూడు దఫాలుగా, వానమబ్బు లేనప్పుడు చల్లవలెను. జీలుగ పెంచి దున్నినను, మినుము పెసర వేసినను బస్తాలు తగ్గును, ఇంటి రొక్కమును మిగులును.

వచ్చు మాసమున వేసవిలో కుండనీరు చల్లబడు కారణమును చెప్పుకొందము.