గొంతువాపు టీకా: విస్తరణ బోధనలో కొరవడిన మెట్టు

కూర్మన్నపాలెం ఉక్కు కర్మాగారపు ముఖద్వారంగానే లోకానికి పరిచయం. అయినా ఇటువంటి నగర శివార్లలో ఒక్క పాడి గేదెపైనే ఇల్లు గడిచే కుటుంబాలు ఉంటాయి. గొంతువాపు సోకిన గేదె ఒకటి రెండు రోజులలో, ఒక్కొక్కప్పుడు గంటల వ్యవధిలోనే మరణిస్తుంది. తొలకరికి ముందే టీకా వేయించాలని విస్తరణ సిబ్బంది ఏటా చెబుతూనే ఉన్నారు. ముందే ఎందుకన్న ప్రశ్నకు మాత్రం "రోగనిరోధక శక్తి పెరుగుతుంది" అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు. టానిక్కులు అమ్మేవారు చెప్పేదీ ఆ మాటే. పాడి రైతు రెండింటినీ ఒకే గాటన కడితే తప్పు అతనిది కాదు.

వ్యాధికారకమైన పాశ్చురెల్లా మల్టోసిడా చుట్టూ క్యాప్సూల్ అనే జిగురు పొర ఉంటుంది. ఆ పొర వలన రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీనుల దెబ్బ నుండీ, మాక్రోఫేజ్ కణాల నుండీ అది చాలావరకు తప్పించుకొంటుంది. టీకా వలన పుట్టిన ప్రతిరక్షకాలు దానికి అంటుకొన్నప్పుడు కాంప్లిమెంట్ శ్రేణి మేల్కొని, సి3బి అనే ముక్క సూక్ష్మజీవిపై గట్టిగా అతుక్కుంటుంది. మాక్రోఫేజ్‌కు అదే పిడి. అయితే పిడి దొరికినంత మాత్రాన కణం మింగదు. సి3 అతికిన ఎర్రకణాలను మామూలు మాక్రోఫేజ్‌లు పట్టుకొని ఊరుకొంటాయనీ, ఉత్తేజితమైనవే మింగుతాయనీ 1975లో బియాంకో, గ్రిఫిన్, సిల్వర్‌స్టీన్ ఎలుకల కణాలతో నిరూపించారు.

బోధనలో పూర్తిగా విస్మరించబడుతున్నది దీని తరువాతి దశ. మాక్రోఫేజ్‌పై ఉన్న సిఆర్1 గ్రాహకం సి3బిని పట్టుకోవడమే కాక, ఫ్యాక్టర్ ఐ అనే ఎంజైము దానిని ఖండించడానికి తోడ్పడుతుంది. మిగిలిన ఐసి3బి ముక్క కాంప్లిమెంట్ శ్రేణిని ముందుకు నడపలేదు. సిఆర్3 గ్రాహకానికి పిడిగా మాత్రం పనికివస్తుంది. అంటే మంట ఆరుతుంది, పట్టు సడలదు. ఈ విచ్ఛిన్నం వృథా వ్యయం కాదు. ఫ్యాక్టర్ ఐ లోపంతో పుట్టిన మనుషులలో సి3 అదుపులేక ఖర్చయిపోయి, చీము పట్టే అంటురోగాలు పదేపదే వస్తాయి. కళ్ళెం తీసివేస్తే రక్షణ పెరగకపోగా తరిగిపోయింది. "శక్తిని పెంచడం" అనే ప్రచారం ఎంత డొల్లదో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

గ్రాహకాల పేర్లు పాడి రైతుకు అనవసరం; పశువైద్య విద్యార్థికి మాత్రం తప్పనిసరి. సూదికి, రక్షణకు మధ్య రెండు మూడు వారాలు ఎందుకు పడుతుందో పశువుల కొట్టం దగ్గర నిలబడి వివరించవలసినవాడు అతడే. పిడి తయారయ్యే వ్యవధి అది. పక్క కొట్టంలో గేదె పోయిన మరునాడు వేయించిన టీకాకు ఆ వ్యవధి దక్కదు.