చిల్లర తిరిగిస్తే చార్జీ తగ్గినట్టా?

2025 నవంబరు నుంచి కరెంటు బిల్లులో యూనిట్‌కు 13 పైసలు వెనక్కి వస్తున్నాయి. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంటికి 13 రూపాయలు. అది చూపించి, ఆంధ్రప్రదేశ్ చరిత్రలో తొలిసారి కరెంటు చార్జీలు తగ్గించిన ప్రభుత్వం తమదేనని విద్యుత్ శాఖ మంత్రి గొట్టిపాటి రవికుమార్ మొదలు అధికార కూటమి నాయకులంతా చెప్పుకుంటున్నారు. పదమూడు రూపాయలైనా పేదింటికి పనికొచ్చేవే. వాటిని మేం చులకన చేయడం లేదు. మా అభ్యంతరమల్లా ‘తగ్గించాం’ అన్న మాటతోనే.

రావులపాలెంలో ఆర్టీసీ బస్సెక్కి వంద నోటు ఇస్తే, కండక్టరు చిల్లర లేదని మిగతా సొమ్ము టికెట్ వెనక రాసిస్తాడు. రాజమండ్రిలో దిగేటప్పుడు మనం గుర్తుచేసి అడిగి తీసుకుంటాం. అలా ఇచ్చిన చిల్లరను ఏ కండక్టరూ చార్జీ తగ్గింపు అనడు, అందుకు దండ వేయమనడు. మన విద్యుత్ శాఖకు ఆపాటి మొహమాటం కూడా లేకపోయింది.

లెక్క చూడండి. 2024-25లో ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు పేరిట యూనిట్‌కు 40 పైసల చొప్పున మూడు విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ముందుగానే దండుకున్నది సుమారు 2,787 కోట్ల రూపాయలు. ఆ ఖర్చులో న్యాయమైనది ఎంతో అప్పటికి తేలలేదు. అది తేలకముందే చెయ్యి చాచే వెసులుబాటు నిబంధనల్లో ఉంది కాబట్టి చాచారు. ఏడాది తిరిగాక విద్యుత్ నియంత్రణ మండలి పద్దులు తిరగేసి, న్యాయంగా రావలసింది 1,863 కోట్లేనని తేల్చింది. మిగిలిన 923 కోట్లు మనవి. మన జేబులోంచి అదనంగా పోయినవి, అన్నాళ్లూ డిస్కంల దగ్గర ఉన్నవి. వాటినే ఇప్పుడు వాయిదాల మీద, పైసల లెక్కన తిరిగిస్తున్నారు.

ఇంతవరకే అయితే ప్రచార యావ అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ 923 కోట్లను మనకు ఇవ్వాలని డిస్కంలు అడిగాయా? లేదు. తమకు 2,758 కోట్ల పైచిలుకు రావాలని అవి మండలి ముందు పట్టుబట్టాయి. ఆ కోరిక మండలి మన్నించి ఉంటే ప్రజలకు తిరిగి వచ్చేది 28 కోట్లు. పదమూడు పైసలు కాదు, అర పైసా కూడా దక్కేది కాదు. దాదాపు 895 కోట్ల పద్దును మండలి కొట్టేయబట్టి ఈ సొమ్ము మనకు మిగిలింది. మూడు డిస్కంలూ ప్రభుత్వానివే. వాటి అధికారులను నియమించేదీ, బదిలీ చేసేదీ ఈ సర్కారే. మండలి ఎదుట ఇవ్వకూడదని వాదించి ఓడిన పక్షం బయటికొచ్చి ఇచ్చింది మేమేనంటోంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ అల్లుడు ఆ సొమ్ము దాచిపెట్టబోయి దొరికిపోయి, ఆ తర్వాత దాతగా ఫొటో దిగాడు.

పైగా ఆ 40 పైసల వసూలు ఆగనే లేదు. ఒక గీతలో 40 తీసుకుంటూ మరో గీతలో 13 ఇస్తున్నారు. వీటి పక్కనే, 2024 డిసెంబరు నుంచి వాయిదాలుగా వేసిన పాత సర్దుబాట్లున్నాయి: 2022-23కు 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు. రెండూ కలిపితే 15 వేల కోట్లు దాటాయి. అందులో రైతుల వాటా ప్రభుత్వం భరిస్తుందంటారు. ఆ ప్రభుత్వ సొమ్మూ మన పన్నే. తలమీద పెట్టిన వంద రూపాయల మూటలోంచి ఆరు రూపాయలు తీసి, బరువు దించామంటే నమ్మమంటారా?

ఆ పాత బకాయిలు గత ప్రభుత్వ కాలానివన్నది నిజం. అందుకే అప్పట్లో ఏలిన వైసీపీ నాయకులు ఇవాళ కార్చే కన్నీళ్లకు విలువ లేదు. చార్జీలు నిర్ణయించేది మండలే తప్ప ప్రభుత్వం కాదన్నదీ నిజమే. అయితే పెరిగినప్పుడు మండలి, తగ్గినప్పుడు మంత్రి అనే పంపకం ఏ చట్టంలో ఉందో చెప్పాలి.

ఇంతకీ సర్దుబాటు దేనికి? బొగ్గు ధరకు, రవాణాకు, ఎండాకాలం సాయంత్రాల్లో బయటి మార్కెట్లో కొనే కరెంటుకు. ఇంధనానికి ఇంటివాడు కట్టే ఈ కప్పం గోదావరి జిల్లాల్లో మరీ చేదుగా ఉంటుంది. మన నేల కింద గ్యాస్ ఉందన్నారు. దానికోసం 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండితే చూశాం. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు కాలిపోతే చూశాం. గ్యాస్‌తో వెలుగుతుందన్న సామర్లకోట 2,400 మెగావాట్ల కేంద్రం నడవనే లేదు. అందులోని యంత్రాలు కొన్ని ఓడెక్కి బంగ్లాదేశ్ వెళ్లాయి. మంట మనది, బొగ్గు బిల్లూ మనదే.

ఇక మిగిలింది ఎండ. మన దగ్గర దానికి కరువు లేదు, దాన్ని ఏ కంపెనీ దగ్గరా కొనక్కర్లేదు, దానికి ట్రూఅప్ (సర్దుబాటు చార్జీ) వేయలేరు. కరెంటు నిజంగా చౌక కావాలంటే దారి అటే ఉందని ఈ పత్రిక నమ్ముతుంది. ప్రభుత్వమూ అదే చెబుతోంది: పీఎం సూర్యఘర్ కింద మేడ మీద సోలార్ పెట్టుకోండి, బిల్లు సున్నా చేసుకోండి అని. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు ఉచితంగా, బీసీలకు అదనంగా 20 వేల సాయం అనడం మెచ్చుకోవలసిందే.

అయితే ఎవరి మేడ? నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటికి చివరి 175 యూనిట్లు ఎనిమిది రూపాయల డెబ్బయి అయిదు పైసల శ్లాబులో పడతాయి. ఆ ఇంట్లో సోలార్ ప్యానెల్ ఇచ్చే యూనిట్ తొలుత మిగిల్చేది ఆ ధర. వంద యూనిట్ల ఇంట్లో అదే యూనిట్ మిగిల్చేది మూడు రూపాయలో, నాలుగున్నరో. మూడు కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే 78 వేలు పోగా ఇంకో లక్షకు అటూ ఇటూగా పెట్టగలిగినవాడు మొదటి ఇంట్లో ఉన్నాడు. రెండో ఇల్లు అసలు అందులో ఉండేవాడిది కాకపోవచ్చు. రాజమండ్రి దానవాయిపేటలో రెండు గదుల పోర్షనులో అద్దెకుండే గుమాస్తాకు డాబా మీద హక్కు లేదు. ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఫ్లాట్లలో నెత్తిమీది శ్లాబు పై అంతస్తువాళ్లకు నేల. అమలాపురం పక్క పెంకుటిళ్ల మీద మధ్యాహ్నం దాకా కొబ్బరి నీడ పోదు.

పెద్ద బిల్లు కట్టేవాళ్లు ఒక్కొక్కరే ఎండలోకి తప్పుకుంటే, తీగలూ స్తంభాలూ ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు మిగిలినవాళ్ల మీదికి వస్తుంది. అప్పుడు వచ్చే ట్రూఅప్ నోటీసు ఎవరి గుమ్మానికి అంటిస్తారో ఊహించడం కష్టం కాదు. సోలార్ పెట్టుకున్నవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. పథకాన్ని అలా రాసినవాళ్లది.

సోలార్ పెట్టుకున్నవాళ్లకైనా పూర్తి నిజం చెప్పారా? 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. స్తంభాలు ఒరిగి లైన్లు పోయిన చోట, మర్నాడు ఎండ కాసినా బ్యాటరీ లేని డాబా సోలార్ వెలగదు. లైను చచ్చిపోతే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా చేశారు, చేయాల్సిందే. కానీ మేడ మీద సోలార్ పెట్టుకోండని ప్రచారం చేసేవాళ్లు ఈ ముక్క గట్టిగా చెప్పడం లేదు. తుపాన్ల దారిలో ఉన్న కోనసీమకు బ్యాటరీ విలాసం కాదు. సబ్సిడీలో దానికి చోటుండాలి.

డాబా లేనివాడికి దారి లేదనడమూ కుదరదు. భీమవరం మండలం గొల్లవానితిప్ప దగ్గర లోసరి కాలువ మీద ఒక మెగావాట్ సోలార్ ప్యానెళ్లు ఎప్పుడో పరిచారు. డెల్టా నిండా కాలువలే. పూడిక తీతకు యంత్రం దిగే జాగా వదిలి మిగతాచోట ప్యానెళ్లు పరిచి, ఊళ్లోని అద్దె ఇళ్లకూ టిడ్కో ఇళ్లకూ తలా ఇన్ని యూనిట్లని వాటా రాసి బిల్లులో తగ్గించవచ్చు. అలా తగ్గించిన రోజున మంత్రిగారు ఫ్లెక్సీలు కట్టించుకుంటే మేం అడ్డు చెప్పం.

ఈలోగా చేయాల్సిన పని చిన్నది. ఏటా నవంబరు నెలాఖరుకల్లా డిస్కంలు వచ్చే ఏడాది రాబడి అవసరాల లెక్క మండలికి సమర్పించాలి. ఆపై బహిరంగ విచారణ ఉంటుంది. 40 పైసల ముందస్తు వసూలు ఏ లెక్క మీద నడుస్తోందో, మండలి కొట్టేసిన 895 కోట్లు ఏ పద్దుల్లోవో, వాటిని కోరుతూ సంతకం పెట్టింది ఎవరో మన ప్రాంత డిస్కం ఈపీడీసీఎల్ తన వినియోగదారులకు తెలుగులో అచ్చువేసి, బిల్లుతో పాటు ఇంటికి పంపాలి.